లూయీ పాశ్చరు – గుడ్డులో దాగిన వ్యాధి

కోడి పొదిగిన గుడ్లనుండి పిల్లలు వెలువడుట పల్లెటూళ్ళలో అందరును చూచినదే. ఒక్కొక్కప్పుడు పది గుడ్లు పొదిగింపగా ఐదారు పిల్లలు మాత్రమే వెలువడును. వెలువడినవానిలో గూడ కొన్ని రెక్కలు వ్రేలవైచి, మేత ముట్టక, మూలను ముడుచుకొని, వారము తిరుగకుండగనే చనిపోవును. గద్ద తన్నుకొని పోలేదు, పిల్లి ముట్టలేదు, నూకలకు కొరత లేదు. ఐనను పిల్లలు దక్కలేదు. గుడ్డు చూచుటకు తెల్లగా, నున్నగా, ఏ దోషమును లేనట్లే యుండెను. తల్లికోడియు ఆరోగ్యముగనే తిరుగుచుండెను. మరి వ్యాధి యెక్కడనుండి వచ్చినది?

తల్లి శరీరములోని వ్యాధి గుడ్డులో ప్రవేశించి, పిల్ల పుట్టకముందే దానిని పట్టుకొనగలదను సత్యము నేడు శాస్త్రజ్ఞులకు బాగుగా తెలియును. ఆ సత్యమును నిస్సంశయముగా నిరూపించి, దానికి ప్రతిక్రియను గూడ చూపిన మహనీయుడు లూయీ పాశ్చరు. ఆయన దానిని మొదట కనుగొన్నది కోడియందు గాక, అంతకంటె మిక్కిలి చిన్న ప్రాణియైన పట్టుపురుగునందు.

పాశ్చరు 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సుదేశపు తూర్పు భాగమున డోల్ అను పట్టణములో జన్మించెను. ఆయన తండ్రి తోళ్ళు పదును చేయు వృత్తితో కుటుంబమును పోషించుచుండెను. యౌవనమున నతడు నెపోలియను చక్రవర్తి సైన్యమునందు సార్జంటుగా పనిచేసి, పరాక్రమమునకు పతకమును పొందినవాడు. తాను చదివినది స్వల్పమే యైనను అతనికి విద్యయందు మిక్కిలి గౌరవము. కుమారుడు తమ యూరి పాఠశాలలో ఉపాధ్యాయుడైన చాలునని అతని కోరిక. లూయీ పసితనములోనే ఆ కుటుంబము ఆర్బ్వా అను మరియొక చిన్న పట్టణమునకు చేరి, అచ్చట ఏటి యొడ్డున స్థిరపడెను.

బాల్యమున లూయీ చదువులో అసాధారణుడని పేరు పొందలేదు. బొమ్మలు గీయుటయందు మాత్రము అతనికి చక్కని నేర్పుండెను. తల్లిదండ్రుల యొక్కయు, ఇరుగుపొరుగువారి యొక్కయు రూపములను రంగుసుద్దలతో చిత్రించెడివాడు. చూచినదానిని చూచినట్లే గీయుటకు అలవడిన ఆ కన్నులు తరువాత సూక్ష్మదర్శినిలో చూచునపుడు ఆయనకు గొప్ప సహాయమొనర్చినవి. తనకు నిశ్చయముగా తెలియని దానిని తెలియునని చెప్పుట ఆ బాలునకు అలవాటు లేదు.

1838లో తండ్రి అతనిని చదువునిమిత్తము పారిస్ నగరమునకు పంపెను. కాని ఇంటిపై బెంగచేత ఆ బాలుడు అచ్చట నిలువలేకపోయెను. ఒక నెల దాటకమునుపే తండ్రి స్వయముగా పోయి కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. తోళ్ళశాల వాసన కొరకు బెంగగొన్న ఆ పల్లెటూరి బాలుడే అయిదేండ్ల తరువాత, 1843లో, ఆ నగరమునందలి ప్రసిద్ధమైన ఎకోల్ నార్మల్ విద్యాలయములో ప్రవేశము సంపాదించెను. అచ్చట రసాయనశాస్త్రమున నతనికి గాఢమైన అభిరుచి కలిగెను. 1848లో ద్రాక్షసారాయి పీపాలలో పేరుకొను ఒక యామ్లమునకు సంబంధించిన స్ఫటికములను పరీక్షించి, కుడిచేయియు ఎడమచేయియు వలె ఒకదాని ప్రతిబింబమును పోలిన మరియొకటిగా రెండు రకముల స్ఫటికములు కలవని ఆయన కనుగొనెను. మరుసటి సంవత్సరము మేరీ లారెంటు అను యువతిని వివాహమాడెను. ఆమె జీవితాంతము ఆయన ఇల్లాలుగనే కాక, ఆయన చెప్పినదానిని వ్రాసిపెట్టు లేఖకురాలుగను, పరిశోధనలలో సహాయురాలుగను ఉండెను.

పిమ్మట పాశ్చరు పులియుట యనగా నేమో పరిశోధించెను. పాలు విరుగుటకును, ద్రాక్షరసము సారాయిగా మారుటకును కంటికి కనబడని సూక్ష్మజీవులే కారణమని నిరూపించెను. ఆ జీవులు తమంతట తాము పుట్టవనియు, గాలిలోని దుమ్ముతోపాటు వచ్చి చేరుననియు, హంసమెడ వంటి వంకర గొట్టముగల గాజుపాత్రలతో ప్రయోగముచేసి చూపెను. జీవినుండియే జీవి పుట్టునను ఈ సిద్ధాంతముతో ఆయన కీర్తి దేశమంతట వ్యాపించెను.

ఆ కాలముననే దక్షిణ ఫ్రాన్సులో ఒక పెద్ద విపత్తు వాటిల్లెను. అచ్చటి రైతులకు పట్టుపురుగుల పెంపకము ముఖ్యమైన జీవనాధారము. వారు మల్బరీ చెట్టును బంగారుచెట్టని చెప్పుకొనెడివారు. 1853లో ఫ్రాన్సుదేశమునందు 2 కోట్ల 60 లక్షల కిలోగ్రాముల పట్టుగూళ్ళు పండెను. తరువాత పురుగులకు ఒక వింత వ్యాధి సోకెను. కొన్ని గుడ్లు పొదుగలేదు. కొన్ని పురుగులు పుట్టిన వెంటనే చనిపోయెను. కొన్ని ఆకును సరిగా మేయక, ఎదుగుదల లేక కుంగిపోయెను. వాని దేహముపై మిరియపు పొడి చల్లినట్లు నల్లని మచ్చలు కనబడుటచే ఆ వ్యాధికి పెబ్రీన్ అను పేరు వచ్చెను. 1865 నాటికి గూళ్ళ పంట 40 లక్షల కిలోగ్రాములకు పడిపోయెను.

రైతులు స్వదేశపు గుడ్లను విడిచి ఇటలీ, స్పెయిన్, టర్కీ దేశములనుండి గుడ్లను తెప్పించిరి. మొదటి పంట బాగుగ నుండెడిది. ఆ పంటనుండి తీసిన గుడ్లు మరల రోగగ్రస్తము లగుచుండెను. తుదకు జపాను దేశపు గుడ్లు మాత్రమే నమ్మదగినవిగా మిగిలెను. గంధకపు పొగ, బొగ్గుపొడి, ఆవపిండి మొదలుగా ఎవరికి తోచిన మందును వారు వాడిరి. ఏదియు ఫలింపలేదు. వేలాది కుటుంబములు దారిద్ర్యముపాలయ్యెను.

జాన్ బాప్తిస్తు డ్యూమా అను రసాయన శాస్త్రజ్ఞుడు పాశ్చరునకు గురువు. ఆయన స్వస్థలమైన ఆలే పట్టణము ఆ రోగపీడిత ప్రాంతమునందే యున్నది. తన ప్రాంతపు ప్రజల దుస్థితిని చూడలేక, ఈ వ్యాధిని పరిశోధింపుమని 1865లో ఆయన శిష్యుని కోరెను. పాశ్చరు సంకోచించెను. ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు. పట్టుపురుగును ఎన్నడును చేత బట్టి యెరుగడు. ఐనను గురువు మాటను కాదనలేక, ఆ సంవత్సరము జూన్ నెలలో ఆలేకు ప్రయాణమయ్యెను.

ఆ రోజులలో ఆయన అవిఞ్యోఁ పట్టణమున ఫాబ్ర్ అను ప్రసిద్ధ కీటకశాస్త్రజ్ఞుని చూడబోయెను. ఫాబ్ర్ ఒక పట్టుగూటిని చేతికీయగా, పాశ్చరు దానిని చెవియొద్ద నూపి, లోపల నేదో కదలుచున్నదని ఆశ్చర్యపడెను. గూటిలో పురుగు నిద్రాణస్థితిలో నుండునని గూడ ఆయనకు అప్పటికి తెలియదు. ఇంత తెలియనివాడు ఈ వ్యాధిని కుదుర్పబూనుట చూచి ఫాబ్ర్ విస్మయపడెను. కాని తెలియనిది తెలియదని దాచక అడుగుట పాశ్చరునకు సిగ్గు కాలేదు. పట్టుపురుగు జీవితమును గుడ్డునుండి గుడ్డువరకు తన కన్నులతో చూచి నేర్చుకొనుటకు ఆయన సిద్ధపడెను.

ఆలే చేరి తొమ్మిది దినములు కాకమునుపే తండ్రికి జబ్బుగా నున్నదని వార్త వచ్చెను. పాశ్చరు వెంటనే బయలుదేరెను గాని, తండ్రిని జీవముతో చూడలేకపోయెను. ఆ సెప్టెంబరులో రెండేండ్ల చిన్న కూతురు కామీ మరణించెను. మరుసటి సంవత్సరము మే నెలలో పండ్రెండేండ్ల కూతురు సెసిల్ విషజ్వరముతో కన్నుమూసెను. అంతకుముందే, 1859లో, పెద్దకూతురు జాన్ అదే జ్వరముచే చనిపోయియుండెను. ఇంతటి శోకములోను పాశ్చరు పని మానలేదు. పిల్లలను పోగొట్టుకొనిన ఆ తండ్రి, గుడ్డునుండి వెలువడిన పురుగులు ఎందుచేత చనిపోవుచున్నవో తెలిసికొనుటకు మరల ఆలేకు పోయెను. ఈసారి భార్యయు, మిగిలిన కుమార్తెయు వెంటవచ్చిరి. వారు మల్బరీ ఆకులు కోసి, పురుగులకు మేత వేయుచు, పరిశోధనలో పాలుపంచుకొనిరి. డ్యూక్లో, గెర్నే, మేయో, రోలిన్ అను యువకులు ఆయనకు సహాయకులైరి.

రోగగ్రస్తమైన పురుగులను నలిపి సూక్ష్మదర్శినితో చూచినయెడల, కోడిగుడ్డు ఆకారముగల మెరయు కణములు అసంఖ్యాకముగ కనబడును. వీనిని ఇటలీ శాస్త్రజ్ఞులు అంతకుముందే చూచియుండిరి. వారిలో కొందరు గుడ్లయందు గూడ వీనిని చూచి, గుడ్లను పరీక్షింపవలెనని సూచించిరి. కాని గుడ్డును పరీక్షించుటలో ఒక చిక్కు కలదు. వ్యాధిబీజము కొద్దిగ నున్నపుడు అది గుడ్డులో కనబడకపోవచ్చును. పైగా పరీక్షించుటకు గుడ్డును నలుపవలెను. నలిపిన గుడ్డు పురుగు కాజాలదు.

పాశ్చరు ఈ చిక్కును మరియొక విధముగ విడదీసెను. ఆయన పురుగుల జీవితమును ఆసాంతము పరిశీలించి ఈ క్రింది విషయమును గ్రహించెను. గుడ్డులోనే వ్యాధి బలముగ సోకిన పురుగు పసితనముననే చచ్చును. అది గూడు కట్టదు. కాని ఎదిగిన పిమ్మట, గూడు కట్టుటకు కొలదిదినములకు ముందు వ్యాధి సోకిన పురుగు చావదు. అది చక్కని గూటినే కట్టును. ఆ గూటిలో వ్యాధి క్రమముగ పెరుగుచుండును. గూటినుండి శలభము వెలువడునప్పటికి దాని దేహము రోగకణములతో నిండియుండును. ఆ శలభము పెట్టిన గుడ్లలో వ్యాధి దాగియుండును. రైతు గూటి అందమును చూచి, మంచి విత్తనమని నమ్మి, ఆ గుడ్లనే దాచుకొనును. మరుసటి యేడు పంట నాశనమగును. గూటి సౌందర్యమే రైతును మోసగించుచుండెను.

కావున పరీక్షింపవలసినది గుడ్డును గాదు, పురుగును గాదు. గుడ్లు పెట్టిన తల్లిని. శలభదశలో వ్యాధి పూర్తిగా పెరిగియుండును గాన, అది సూక్ష్మదర్శినికి దాగజాలదు. గుడ్లు పెట్టిన పిమ్మట శలభము ఎట్లును చనిపోవును. కావున దానిని నలిపినను నష్టము లేదు.

ఈ యూహపై పాశ్చరు ఏర్పరచిన పద్ధతి మిక్కిలి సులభమైనది. ఒక్కొక్క ఆడుశలభమును వేరువేరుగ ఒక చిన్న గుడ్డపేలికపై నుంచవలెను. అది దానిపై సుమారు 400 గుడ్లు పెట్టును. అటుపిమ్మట ఆ శలభమును అదే పేలిక మూలకు గుండుసూదితో గుచ్చి యుంచవలెను. తీరికగా నున్నపుడు దానిని చిన్న కల్వములో కొద్ది నీటితో నూరి, ఒక బొట్టును సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను. మెరయు కణములు కనబడిన, ఆ పేలికను గుడ్లతోకూడ తగులబెట్టవలెను. కనబడకున్న, ఆ గుడ్లను మరుసటి యేటికి భద్రపరుపవలెను. సూక్ష్మదర్శిని పేరు విని రైతులు భయపడకుండుటకై, చిన్నబిడ్డకు గూడ ఈ పరీక్ష నేర్పవచ్చునని ఆయన చెప్పెడివాడు. ఆయన కుమార్తె దానిని నేర్చుకొని చూపెను గూడ.

1866లో పాశ్చరు పదునాలుగు రకముల గుడ్లకు తల్లులైన శలభములను పరీక్షించి, మరుసటి యేడు ఏ గుడ్ల పంట యెట్లుండునో ముందుగనే ఒక లేఖలో వ్రాసెను. ఆ లేఖకు ముద్రవేసి సెయింటు హిపోలిత్ పట్టణపు మేయరుచేతి కిచ్చెను. 1867లో పంటలు ముగిసి, రైతులు తమ ఫలితములను తెలిపిన పిమ్మట మేయరు ఆ ముద్రను విప్పెను. పదునాలుగింట పండ్రెండు పంటలు పాశ్చరు వ్రాసినట్లే పండెను.

కాని శాస్త్రమార్గము రాజమార్గము గాదు. ఆ పరిశోధనలలో ఆయన రెండు గొప్ప చిక్కుల నెదుర్కొనెను. మొదటిది ఆయన పొరపాటే. మెరయు కణములు వ్యాధికి ఫలితములే గాని కారణములు గావనియు, అవి జీవులు గావనియు ఆయన మొదట భావించెను. రోగపురుగులను నూరిన నీటిని ఆకులపై పూసి ఆరోగ్యవంతమైన పురుగులకు మేపి చూడగా, వానికిని వ్యాధి సోకెను. అప్పుడు ఆ కణములే వ్యాధిబీజములని ఆయన అంగీకరించెను. తన అభిప్రాయము తప్పని ప్రయోగము చెప్పినపుడు, ఆయన అభిప్రాయమును విడిచెను గాని ప్రయోగమును విడువలేదు.

రెండవ చిక్కు మరింత కష్టమైనది. కణములు లేని శలభముల గుడ్లనుండి పుట్టిన పురుగులలో కొన్ని, మచ్చలేవియు లేకుండగనే, మెత్తబడి నల్లనై కుళ్ళిపోయెను. తన సిద్ధాంతమంతయు కూలిపోయినదని పాశ్చరు మిక్కిలి క్రుంగిపోయెను. కొన్ని దినముల ఆలోచన పిమ్మట వ్యాధి యొకటి కాదనియు, రెండనియు ఆయనకు స్పష్టమయ్యెను. ఈ రెండవ వ్యాధిని ఫ్లాషరీ యందురు. తడి ఆకులు, గాలి చొరని గదులు, పురుగుల కిక్కిరింపు దీనికి తోడ్పడును. ఇది పురుగు ప్రేగులలోని సూక్ష్మజీవులవలన ప్రబలును. మొదటిదానికి తల్లిని పరీక్షించుట మందు. రెండవదానికి శుభ్రత, గాలి, బలమైన విత్తనము మందు.

ఇంతలో గుడ్ల వర్తకులు ఆయనకు విరోధులైరి. పరీక్షలేని గుడ్లను అమ్మి లాభము గడించుచున్నవారికి ఆయన పద్ధతి గొడ్డలిపెట్టయ్యెను. ప్రజలు పాశ్చరును రాళ్ళతో కొట్టి ఆలేనుండి తరిమిరని 1868లో ఒక వదంతిని గూడ పుట్టించిరి. ఆ మాట ఆయన మామగారివరకు పోయెను. పాశ్చరు వాదములతో కాలము గడపక, అడిగినవారికెల్ల పరీక్షించిన గుడ్లను పంచిపెట్టుచుండెను.

ఆ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన ఆయనకు పక్షవాతము వచ్చెను. అప్పటి కాయన వయస్సు నలువదియైదు సంవత్సరములు. ఎడమచేయియు, ఎడమకాలును పడిపోయెను. ఆయన బ్రతుకడని పలువురు తలచిరి. కాని మనస్సు చెక్కుచెదరలేదు. వారము దినములు గడచునప్పటికి, పడకపై నుండియే, పట్టుపురుగుల వ్యాధినిగూర్చి ఒక వ్యాసమును చెప్పి శిష్యునిచేత వ్రాయించెను. మూడు మాసములకే, నడువలేని స్థితిలో, వైద్యుల మాటను త్రోసిపుచ్చి, మరల పట్టుపురుగుల ప్రాంతమునకు పయనమయ్యెను. ఎడమచేయి ఆయనకు పూర్తిగా స్వాధీనములోనికి మరి రాలేదు. ఆ పిమ్మట చేసిన గొప్ప పరిశోధనలన్నియు ఆయన ఒక చేతితోడను, శిష్యుల చేతులతోడను చేసినవే.

1869లో లియోన్ నగరపు పట్టు సంఘమువారు ఆయన పద్ధతిని శంకించి, మంచి గుడ్లను పంపుమని కోరిరి. పాశ్చరు మంచిగుడ్లతోపాటు చెడ్డగుడ్లను గూడ పంపెను. నాలుగు పొట్లములపై నాలుగు విధములుగ వ్రాసెను: ఒకటి చక్కగా పండునది, ఒకటి పెబ్రీనువలన చచ్చునది, ఒకటి ఫ్లాషరీవలన చచ్చునది, ఒకటి రెండింటివలన నశించునది. నాలుగును ఆయన వ్రాసినట్లే యయ్యెను. ఆ శీతకాలమున ఆయన ఆస్ట్రియా సామ్రాజ్యమునందలి విల్లా విసెంటినా అను రాచయెస్టేటునకు పోయి, అచ్చటి గుడ్లను తన పద్ధతిచే ఎన్నుకొనెను. అనేక సంవత్సరములుగ నష్టమే తెచ్చుచున్న ఆ యెస్టేటులో 1870వ సంవత్సరపు పట్టుపంట లాభమును ఇచ్చెను. ఆ యేడే పాశ్చరు తన అయిదేండ్ల పరిశ్రమను రెండు సంపుటములుగల గ్రంథముగ వెలువరించెను.

పట్టుపురుగునుండి ఆయన దృష్టి క్రమముగ పెద్ద జంతువులవైపు మరలెను. 1879లో ఆయన కోళ్ళకు వచ్చు కలరా వ్యాధిని పరిశోధింప మొదలిడెను. ఈ వ్యాధి సోకిన కోడి రెక్కలు వ్రేలవైచి, మత్తుగొన్నట్లు నిలిచి, ఒకటి రెండు దినములలోనే చనిపోవును. ఇది ముఖ్యముగ రోగి కోడి నోటినుండియు ముక్కునుండియు కారు స్రావములవలనను, అవి కలిసిన మేతవలనను నీటివలనను వ్యాపించునదే గాని, పెబ్రీనువలె గుడ్డుద్వారా సంక్రమించునది గాదు. పాశ్చరు ఆ సూక్ష్మజీవిని కోడిమాంసపు రసములో పెంచెను. చాలదినములు నిలువయున్న రసమును కోళ్ళకు ఎక్కింపగా అవి కొద్దిగ జబ్బుపడి కోలుకొనెను. తరువాత వానికే బలమైన క్రొత్త రసమును ఎక్కింపగా అవి చావలేదు. అంతకుముందు రసము ఎక్కింపబడని కోళ్ళు మాత్రము చచ్చెను. బలహీనపరచిన వ్యాధిబీజముతో వ్యాధిని నివారింపవచ్చునని ఆయన 1880లో ప్రకటించెను. ఈ మార్గముననే 1881లో గొర్రెలకు దొమ్మ వ్యాధి టీకాను, 1885లో పిచ్చికుక్క కాటునకు చికిత్సను సాధించెను.

పాశ్చరు పట్టుపురుగుయందు చూపిన సత్యము కోడియందు గూడ నిజమని తరువాతి తరమువారు కనుగొనిరి. అమెరికాదేశములో లియో రెట్గర్ అను శాస్త్రజ్ఞుడు, కోడిపిల్లలను గుంపులుగుంపులుగ చంపుచుండిన తెల్లవిరేచనముల వ్యాధిని పరిశోధించి, దానికి కారణమైన సూక్ష్మజీవిని 1900 ప్రాంతమున వర్ణించెను. ఆ వ్యాధినుండి బ్రతికి బయటపడిన పిల్ల పెద్దదై చూచుటకు ఆరోగ్యముగనే యుండును. కాని సూక్ష్మజీవి దాని అండాశయములో దాగియుండును. అది పెట్టు గుడ్లలో కొన్నింటి పచ్చసొనలోనికి వ్యాధి ప్రవేశించును. ఆ గుడ్డునుండి పుట్టిన పిల్ల వ్యాధితోనే పుట్టి, తనతో పొదిగిన ఇతర పిల్లలకు గూడ దానిని అంటించును. చక్కని గూటిని కట్టిన రోగపు పురుగునకును, చక్కగా గుడ్లు పెట్టు ఈ కోడికిని పోలిక యెంత స్పష్టము!

ఇచ్చట గూడ పరిష్కారము తల్లిని పరీక్షించుటయే యయ్యెను. కోడిని శలభమువలె నలుపనక్కరలేదు; దాని నెత్తురుబొట్టు చాలును. ఆ నెత్తురును పరీక్షాద్రవముతో కలిపినపుడు పెరుగు విరిగినట్లు గడ్డలు కట్టిన, ఆ కోడియందు వ్యాధి కలదని తెలియును. అట్టి కోడిని వేరుచేసి, దాని గుడ్లను పొదుగుటకు పెట్టరు. 1935లో అమెరికాదేశమునందు ఇట్టి పరీక్షలతో ఒక జాతీయ ప్రణాళిక ప్రారంభమయ్యెను. పెద్ద కోళ్ళశాలలలో ఆ వ్యాధి చాలవరకు తొలగిపోయెను.

వ్యాధి గుడ్డును చేరుటకు మరియొక ద్వారము గూడ కలదు. గుడ్డు పెంకునందు వేలకొలది సన్నని రంధ్రములుండును. కోడి పెట్టినపుడు గుడ్డు వెచ్చగానుండి, తరువాత చల్లబడును. అప్పుడు లోపలి పదార్థము కొద్దిగ ముడుచుకొని, బయటి గాలిని లోనికి పీల్చుకొనును. పెంకుపై తడి రెట్ట అంటియున్నయెడల దానిలోని సూక్ష్మజీవులు గూడ లోపలికి పోగలవు. కావున గూడు పొడిగను, శుభ్రముగను ఉండవలెను. కొన్ని జాతుల సాల్మొనెల్లా జీవులు గుడ్డుద్వారా మనుష్యులకు గూడ జబ్బు తెచ్చును గనుక, గుడ్డును బాగుగ ఉడికించి తినవలెను. తల్లి ఆరోగ్యము ఒకటి, గూటి శుభ్రత ఒకటి: పాశ్చరు పట్టుపురుగుల కొరకు చెప్పిన రెండు మాటలే కోడికిని వర్తించినవి.

పాశ్చరు కీర్తి ప్రపంచమంతట వ్యాపింపగా, అనేక దేశముల ప్రజల విరాళములతో పారిస్ నగరమునందు ఆయన పేర పరిశోధనాలయము నిర్మింపబడి 1888లో తెరువబడెను. ఆయన 1895 సెప్టెంబరు 28వ తేదీన మరణించెను. ఆ పరిశోధనాలయములోనే ఆయన సమాధి కలదు. దాని గోడలపై రంగురాళ్ళతో పొదిగిన చిత్రములలో గొర్రెలును, కుక్కలును, కోళ్ళును, మల్బరీ కొమ్మలును కనబడును. రాజుల సమాధులపై విజయములు చెక్కబడును. ఈయన సమాధిపై ఈయన కాపాడిన మూగప్రాణులే చిత్రింపబడినవి.

పాశ్చరు ఏర్పరచిన పరీక్ష నేటికిని నిలిచియున్నది. మన తెలుగునాట హిందూపురము, మదనపల్లె, పలమనేరు ప్రాంతములలో పట్టుపురుగులను పెంచు రైతులు కలరు. వారికి గుడ్లను సిద్ధపరచు కేంద్రములలో నేటికిని తల్లిశలభమును నూరి, సూక్ష్మదర్శినితో చూచి, పెబ్రీను కణములు లేవని తేలిన పిమ్మటనే గుడ్లను రైతులకిత్తురు. మరుసటి పంటలో మెరయు పట్టుదారము వెనుక, ఎన్నడో ఆలే పట్టణములో దుఃఖమును దిగమ్రింగి, ఒక శలభమును కల్వములో నూరి చూచిన ఆ మహనీయుని ఓర్పు దాగియున్నది.

పైకి చక్కగ కనబడు ప్రతి గుడ్డును మంచిది కాదనియు, కనబడని దోషమును దాని పుట్టుకయొద్దనే వెదకవలెననియు ఆయన జీవితము బోధించుచున్నది. పట్టుగూటిని చెవియొద్ద నూపి చూచిన నాడు ఆయనకు దానినిగూర్చి ఏమియు తెలియదు. తెలియదని ఒప్పుకొనుటకు వెనుదీయనందుననే ఆయన తెలిసికొనగలిగెను. తెలిసికొనిన దానిని వర్తకుల కోపమునకు వెరవక బీద రైతుల చేతులలో పెట్టెను.